వదలని పట్టు: వైస్ గ్రిప్ ప్లయర్

వైస్ గ్రిప్ ప్లయర్ చేతిలో ఇమిడే క్లాంపు. పిడి గట్టిగా నొక్కితే దవడలు వస్తువును పట్టుకుని, చెయ్యి తీసేసినా వదలకుండా ఉంటాయి. మామూలు కటింగ్ ప్లయర్‌లో వేళ్లు అలిసిపోగానే పట్టు సడలుతుంది. ఇందులో పట్టు బిగిశాక పనివాడి రెండు చేతులూ పనికి దొరుకుతాయి.

ఆకురాయి, రంపం, డ్రిల్ బిట్టు ఏదైనా సరే, లోహాన్ని కోస్తూనే దాన్ని పక్కకు నెడుతుంది కూడా. పలుచని రేకుకు రంధ్రం వేసేటప్పుడు బిట్టు అవతలికి దిగే క్షణంలో అంచుకు చిక్కుకుని రేకును గిర్రున తిప్పేస్తుంది. దాన్ని చేత్తో పట్టుకున్నవాళ్లకు వేళ్లు తెగుతాయి. అందుకే బిగించి పట్టే సాధనం లేనిదే వర్క్‌షాపు లేదు.

బెంచ్ వైస్, సి క్లాంప్ ఈ పనిని మరతో చేస్తాయి. మర ఒక చుట్టుకు 3 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుందనీ, తిప్పే చెయ్యి మర మధ్య నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో ఉందనీ అనుకుందాం. చెయ్యి సుమారు 94 సెంటీమీటర్లు తిరిగితే దవడ కదిలేది 3 మిల్లీమీటర్లే. రాపిడి లేకపోతే బలం దాదాపు 314 రెట్లు కావాలి. నిజానికి అందులో చాలా భాగం రాపిడికే పోతుంది. అయితే మర తనంతట తాను వెనక్కి తిరగకుండా ఆపేదీ ఆ రాపిడే. ఈ సాధనాల పట్టు గట్టిదే కానీ, బిగించడానికి సమయం పడుతుంది. పైగా వైస్ బల్లను వదిలి రాదు.

ఈ ఇబ్బందికి దారి చూపినవాడు విలియం పీటర్సన్. డెన్మార్క్ నుంచి అమెరికాకు వలస వెళ్లి, నెబ్రాస్కా రాష్ట్రంలోని డివిట్ అనే చిన్న ఊళ్లో కమ్మరి పని చేసేవాడు. 1921లో తన తొలి నమూనాకు పేటెంటు పొందాడు. బిగిసి నిలిచే పిడి ఉన్న నమూనాకు 1924లో పేటెంటు వచ్చింది. మొదట్లో వాటిని రైతులకూ మెకానిక్‌లకూ తానే తిరిగి అమ్మాడు.

దీని కిటుకంతా కీళ్ల అమరికలో ఉంది. పై పిడితో కలిసినది కదలని దవడ. కదిలే దవడకు కింది పిడి కీలుతో బిగించి ఉంటుంది. ఆ పిడి నుంచి ఒక చిన్న లింకు వెళ్లి, పై పిడి చివరనున్న మర కొనకు ఆనుతుంది. పిడి నొక్కేకొద్దీ పిడి దవడను కలిసే చోటు, పిడి లింకును కలిసే చోటు, లింకు మరకు ఆనే చోటు ఒకే గీత మీదికి వస్తాయి. ఆ గీతకు దగ్గరయ్యేకొద్దీ చెయ్యి ఎక్కువ దూరం, దవడ అతి తక్కువ దూరం కదులుతాయి. కాబట్టి బలం ఎన్నో రెట్లవుతుంది. మోకాలు సగం వంచి నిలబడటం కష్టం, నిటారుగా నిలబడటం తేలిక కావడంలో ఉన్న సూత్రమే ఇది. మధ్య కీలు ఆ గీతను కాస్త దాటాక అక్కడి అడ్డుకు ఆనుకుని ఆగుతుంది. ఇక వస్తువు దవడలను ఎంత తోసినా, ఆ తోపుడు పిడిని మూసే వైపుకే నెడుతుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఓడలు కట్టే వెల్డర్లకు ఈ ప్లయర్ బాగా అక్కరకొచ్చింది. 1957లో పట్టు సులువుగా విడిపించే చిన్న మీట చేరింది. డివిట్‌లో వీటిని తయారుచేసిన ఫ్యాక్టరీ 2008లో మూతపడింది. కానీ ఇదే సూత్రంతో రేకులకు వెడల్పు దవడలు, వెల్డింగ్‌కు సి ఆకారపు దవడలు ఉన్న రకాలు నేటికీ తయారవుతున్నాయి.

వాడకం తేలిక. ముందు పిడి మూసి, దవడలు వస్తువుకు తాకేదాకా మర తిప్పాలి. తర్వాత పిడి తెరిచి, మరను ఇంకాస్త బిగించి మళ్లీ నొక్కాలి. అతిగా బిగిస్తే పలుచని గొట్టం నొక్కుకుపోతుంది. దవడల పళ్లు మెత్తని లోహం మీద గాట్లు పెడతాయి కాబట్టి మధ్యలో రాగి రేకు ముక్క పెట్టడం మంచిది. బాగున్న బోల్టుకు స్పానరే వాడాలి. మూలలు అరిగి స్పానరు జారే బోల్టుకు ఈ ప్లయర్ సరైనది. మరకూ కీళ్లకూ అప్పుడప్పుడు చుక్క నూనె వేస్తే చాలా ఏళ్లు పనిచేస్తుంది. డ్రిల్ స్విచ్ వేసే ముందు పట్టు బిగిసిందో లేదో ఒకసారి లాగి చూడటం మాత్రం ఎవరూ మరవకూడదు.