కీబోర్డులో బొబ్బిలి వీణ

ఏ కంపెనీ కీబోర్డు కొన్నా ధ్వనులు ఒకే వరసలో ఉండాలని 1991లో వాద్య పరికరాల తయారీదారులు ఒక జాబితాకు ఒప్పుకున్నారు. దాని పేరు జనరల్ మిడి. అందులో 128 ధ్వనులున్నాయి. 105వది సితార్, 112వది షెహనాయ్. జపాను వాళ్ల కోటో, షామిసెన్ ఉన్నాయి. హెలికాప్టర్ చప్పుడుంది, తుపాకీ పేలుడుంది. వీణ మాత్రం లేదు.

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసమొద్దును తొలిచి ఏకాండ వీణలు చేసే కుటుంబాలున్న ప్రాంతానికి ఇది చిన్న లోటు కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెళ్లి ఆర్కెస్ట్రాలోనైనా, పద్యనాటకంలోనైనా, భజనలోనైనా ఇప్పుడు కీబోర్డు మామూలైపోయింది. అది వాయించేవాడికి వీణ కావాలంటే ఉన్న ధ్వనుల్లోంచి తానే తయారుచేసుకోవాలి.

ఈ యంత్రం వయసు పెద్దదేమీ కాదు. కాల్క్యులేటర్లు చేసే కేసియో 1980లో తొలి కేసియోటోన్‌ని తెచ్చింది. 1983లో యమహా డీఎక్స్7 వచ్చింది. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ 1967లో కనిపెట్టిన ఎఫ్ఎం పద్ధతే దాని ప్రాణం. డీఎక్స్7 వచ్చిన ఏడాదే రెండు వేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి భాష పుట్టింది. అందుకు పునాది వేసిన ఇకుతారో కకెహాషి, డేవ్ స్మిత్‌లకు 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారం దక్కింది. 1988లో రోలాండ్ ఇ-20 వచ్చేనాటికి అరేంజర్ కీబోర్డు ఇవాళ్టి రూపానికి చేరింది. ఎడమచేత్తో ఒక కార్డ్ పట్టుకుంటే చాలు, డ్రమ్స్, బేస్, గిటార్ వాటంతటవే వెంట నడుస్తాయి. ఈ నడకనే స్టైల్ అంటారు. కుడిచేయి పాట వాయించుకుంటుంది.

మీటల వాద్యం ఉత్తరాంధ్రకు కొత్త కాదు. సాలూరుకు చెందిన పట్రాయని సీతారామశాస్త్రి విజయనగరం సంగీత కళాశాలలో ఘంటసాలకు గురువు. ఆయన కుమారుడు సంగీతరావు హార్మోనియం విద్వాంసుడు. ఘంటసాలకు సహాయకుడిగా పనిచేశారు, వెంపటి చినసత్యం కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం కూర్చారు. అదే హార్మోనియాన్ని ఆలిండియా రేడియో 1940లో నిషేధించి 1971 దాకా దూరంగా పెట్టింది. గమకం పలకదనీ, మీటల శ్రుతి మన స్వరాలకు సరిపోదనీ దాని మీద అభియోగం. ఆ రెండు అభియోగాలూ కీబోర్డుకీ వర్తిస్తాయి. తేడా ఒక్కటే: హార్మోనియంలో రీడ్ ఎలా మోగితే అలా సర్దుకోవాలి, ఇక్కడ లోపలికి వెళ్లి మార్చుకోవచ్చు.

వీణ టోన్ తయారీకి సితార్‌తో మొదలుపెట్టాలని చాలామందికి తోస్తుంది. కానీ సితార్ నమూనాలో జుమ్మనే మోత ఎక్కువ. నైలాన్ గిటార్ టోన్‌ని ప్రధానంగా పెట్టుకుని, దాని మీద సితార్‌ని పలుచగా పొరలా వేస్తే వీణకు దగ్గరవుతుంది. తర్వాత ధ్వని నడకను దిద్దాలి. ప్రతి ధ్వనికీ పుట్టుక, తగ్గుదల, నిలకడ, ముగింపు అని నాలుగు దశలుంటాయి. 1960ల్లో రాబర్ట్ మూగ్ సింథసైజర్లతో స్థిరపడిన ఈ లెక్కే ఇప్పటి కీబోర్డుల్లో అటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్. వీణ తంతి మీటగానే పలుకుతుంది కాబట్టి అటాక్ సున్నాలో ఉండాలి. నిలకడ దాదాపు వద్దు, మెల్లగా తగ్గిపోవాలి. రిలీజ్ కాస్త పొడుగ్గా ఉంటే తంతి మోగుతూ ఉన్నట్టుంటుంది, మరీ పెంచితే త్వరిత సంగతులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. టోన్‌తో పాటు ఫ్యాక్టరీ నుంచి వైబ్రేటో వస్తే తీసేయడమే మేలు. వీణలో ఊపు వేళ్లది.

వీణ నాదం అంత నిండుగా ఎందుకుంటుందో చెప్పినవాడు విశాఖపట్నంలో పెరిగిన సి.వి.రామన్. తంతిని ఏ బిందువు దగ్గర మీటితే, అక్కడ కదలకుండా ఉండవలసిన అనుస్వరాలు (హార్మోనిక్స్) వినిపించకూడదని పాత సూత్రం. వీణలో, తంబురాలో అవి బలంగా వినిపిస్తాయని రామన్ 1921లో చూపించాడు. కారణం తంతిని మోసే గుర్రం (బ్రిడ్జి). దాని మీది వెడల్పాటి, కొద్దిపాటి వంపున్న పలకను తంతి కదులుతూ తాకి వదులుతుంటుంది. అందుకే కీబోర్డులో పై అనుస్వరాలను తగ్గించే ఫిల్టర్‌ని మరీ మూసేస్తే వీణ మూగబోతుంది. పై అనుస్వరాలు మొదట నిండుగా వచ్చి క్రమంగా తగ్గేలా పెట్టాలి.

అసలు కష్టం గమకం దగ్గరే. వీణకూ స్థాయికి పన్నెండు మెట్లే, కీబోర్డుకూ పన్నెండు మీటలే. కానీ వైణికుడు ఒకే మెట్టు మీద తంతిని పక్కకు లాగి పై స్వరాలు అందుకుంటాడు. కీబోర్డులో ఆ పని పిచ్ బెండ్ చక్రానిది. మిడిలో ఈ చక్రానికి 16,384 మెట్లు, కాబట్టి సన్నదనానికి కొరత లేదు. మామూలుగా దాని హద్దు అటూ ఇటూ రెండేసి అరస్వరాలు. నాలుగుకు పెంచితే పెద్ద జారు అందుతుంది గాని, వేలు రవ్వంత కదిలినా శ్రుతి తప్పుతుంది. ఒకసారికి ఒకే స్వరం పలికే మోనో మోడ్, స్వరాన్ని జార్చే పోర్టమెంటో కలిపి వాడితే మీట నుంచి మీటకు జారడం కుదురుతుంది. టోన్‌ని బట్టి రెండో స్వరం మళ్లీ మీటినట్టు కాకుండా సాగుతుంది కూడా.

ఇక్కడే యంత్రం పుట్టుక అడ్డొస్తుంది. ఎడమచేయి కార్డ్ పట్టుకోవాలని దీన్ని తయారుచేశారు, గమకానికేమో ఆ చేయి చక్రం మీద ఉండాలి. రెండూ ఒకేసారి కావు. సినిమా పాటకు స్టైల్ పెట్టుకోవడం, పద్యానికీ కీర్తనకూ స్టైల్ ఆపేసి శ్రుతి మాత్రం మోగించి చక్రం పట్టుకోవడం సరైన దారి. పద్యం ఎత్తుకున్న నటుడికి కావలసింది రాగం మీద ఊత. డ్రమ్స్ అక్కడ అడ్డమే.

శ్రుతి సంగతి దీనికన్నా సులువు. కీబోర్డు స్థాయిని వంద సెంట్ల చొప్పున పన్నెండు సమభాగాలు చేస్తుంది. అందులో అంతర గాంధారం 400 సెంట్ల దగ్గర ఉంటుంది. తంబురాతో కలిసి హాయిగా నిలిచే గాంధారం సుమారు 386 దగ్గర. ఒక్కో స్వరం శ్రుతిని విడిగా మార్చే స్కేల్ ట్యూన్‌లోకి వెళ్లి ఆ ఒక్క స్వరాన్ని 14 సెంట్లు దించితే, మోహనంలో గాంధారం మీద నిలబడినప్పుడు తేడా వెంటనే తెలుస్తుంది. గాయకుడు ఒకటిన్నర శ్రుతి నుంచి అయిదున్నరకు మారితే, షడ్జం ఏ మీట మీదికి వచ్చిందో చూసుకుని ఈ సవరణనూ జరపాలి. అంతా కుదిరాక యూజర్ మెమరీలో దాచుకోవాలి, లేకపోతే స్విచ్ ఆపగానే పోతుంది.

కంపెనీలు ఈమధ్య మనవైపు చూస్తున్నాయి. కేసియో, యమహా భారతీయ వాద్యాలతో ప్రత్యేక మోడళ్లు అమ్ముతున్నాయి. అయినా వాటిలో తబలా దొరికినంత తేలిగ్గా తప్పెటగుళ్ల తప్పెట దొరకదు. బయటి ధ్వనిని రికార్డు చేసి మీటల మీదికి ఎక్కించుకునే వీలు కొన్ని మోడళ్లలో ఉంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో రొమ్ముకు కట్టుకుని వాయించే ఆ తప్పెటను దగ్గరగా మైకు పెట్టి రికార్డు చేయవచ్చు. మెల్లటి దెబ్బనీ గట్టి దెబ్బనీ విడివిడిగా తీసి, వేలి ఒత్తిడిని బట్టి ఒకదాని నుంచి ఇంకోదానికి మారేలా పెట్టాలి. ఒకే దెబ్బను పెంచి తగ్గిస్తే చాలదు, గట్టిగా కొట్టినప్పుడు ధ్వని పెద్దదవడమే కాదు, దాని రంగూ మారుతుంది.