ఆరోగ్యమునకు అదను యౌవనమే

దీపావళి సమీపించు దినములలో జమ్మికుంట మార్కెట్ యార్డు పత్తితో తెల్లబారును. వర్తకుడు గుప్పెడు పత్తి తీసి, తేమ చూచి, పింజ సాగదీసి ధర పలుకును. ఆ క్షణమున రైతు చేయగలిగినది స్వల్పము. ఆ పంట బాగోగులలో పెక్కుపాలు విత్తనము వేసిన నాడు, తొలి కలుపు తీసిన నాడు నిర్ణయమైనవి. అదను తప్పిన సేద్యమును చివర వేసిన ఎరువు సరిదిద్దలేదని మన రైతులకు ఎవ్వరును చెప్పనక్కరలేదు. కాని దేహము విషయమున ఈ న్యాయమునే మనము మరచుచున్నాము.

“ఇరువదియేండ్ల వానికి రోగమేమిటి? రాళ్ళు తిన్నను అరుగు వయస్సు” అందుము. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. యౌవనమున దేహము ఎంతటి అపచారమునైనను ఓర్చుకొనును; పైకి చెప్పదు. అందులోనే ప్రమాదమున్నది. కొరియా యుద్ధమున మరణించిన 300 మంది అమెరికను సైనికుల గుండెలను వైద్యులు పరీక్షించి, 1953లో ఫలితములు ప్రకటించిరి. వారి సగటు వయస్సు 22 ఏండ్లు. అయినను నూటికి 77 మంది హృదయధమనులలో వ్యాధిచిహ్నములు అప్పటికే కనిపించినవి. ఏబదవ యేట వచ్చు గుండెపోటు ఏబదవ యేట పుట్టినది కాదన్నమాట.

ఇందుకు నిదర్శనము మన తెలుగునేలపైననే కలదు. 1987 నుండి 1990 వరకు హైదరాబాదు సమీపమున 29 గ్రామములలో ఒక ప్రయోగము జరిగినది. 15 గ్రామములలో గర్భవతులకును, ఆరేండ్లలోపు పిల్లలకును మక్క, సోయా పిండితో వండిన ఉప్మా అందించిరి. తక్కిన 14 గ్రామములకు ఆ యేర్పాటు అప్పటికింకను రాలేదు. ఆ పిల్లలు పదమూడు మొదలు పదునెనిమిదేండ్ల ప్రాయమునకు వచ్చిన పిమ్మట, 2003–2005 నడుమ, పరిశోధకులు 1165 మందిని మరల పరీక్షించిరి. ఉప్మా అందిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉండిరి. అంతకంటె ముఖ్యమైన సంగతి, వారి రక్తనాళములు తక్కువ బిరుసుగా ఉన్నవి. వారి దేహమున ఇన్సులిన్ మెరుగుగా పనిచేయుచున్నది. పసితనమున తిన్న పిడికెడు ఉప్మా పది పదునైదేండ్ల తరువాత నెత్తుటిలో లెక్క చెప్పినది.

పసితనపు అదను తల్లిదండ్రుల చేతిలోనిది. యౌవనపు అదను ఎవరిది వారి చేతిలోనే ఉన్నది. ఎముకలు బలము కూడబెట్టుకొనుట ఇంచుమించు ముప్పదియేండ్లవరకే. ఆ మీదట ఆ నిలువలోనుండి ఖర్చు చేయుటయే. ఊపిరితిత్తులు ఇరువదియేండ్లు దాటువరకు బలపడుచుండును. ఆ వయస్సుననే బీడీ ముట్టించుట మొలకను మేకకు మేపుట వంటిది. జిన్నింగు మిల్లులలో పత్తిదుమ్ము నడుమ పనిచేయు యువకులు ముక్కునకును నోటికిని తగిన అడ్డు కట్టుకొనుట నామోషీగా తలపరాదు.

చేయవలసినవి కష్టసాధ్యములు కావు. ఉప్పు దినమునకు ఒక చెంచాకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆవకాయలోనిదియు అందులో లెక్కయే. వారమునకు కనీసము 150 నిమిషములు చురుకుగా నడువవలెను. రక్తపు పోటు నొప్పి కలిగించదు గనుక, ఏడాదికొకమారైనను చూపించుకొనవలెను.

వయస్సు మీరినవారు నిరాశపడనక్కరలేదు. నలుబదియేండ్లలోపు పొగత్రాగుట మానినవారికి దానివలని అకాలమరణపు ముప్పులో పదింట తొమ్మిది వంతులు తప్పునని పరిశోధనలు తెలుపుచున్నవి. ఆలస్యమైన సేద్యము బీడుకంటె మేలే. కాని అదనున చేసిన సేద్యమునకు సాటిరాదు.

చివరగా ఒక మనవి. తెలంగాణలో పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కలదని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. అన్నకు వడ్డించిన పిదప మిగిలినది తిను పదునారేండ్ల అమ్మాయియే రేపటి తల్లి. ఆమెకు నేడు కొరవడినది రేపు ఆమె బిడ్డకును కొరవడును. ఈ రాత్రి భోజనమువేళ ఆమె కంచములో ఆకుకూర, పప్పు, గ్రుడ్డు ఉన్నవో లేవో ఒక్కమారు చూడుడు.