గేటు బయట నిలబడ్డవాడు

మిల్లులో ఉన్నన్నాళ్లూ నాకొక ఆశ ఉండేది. రిటైరయ్యాక తెల్లవారుజామున లేచి, ఎవరూ తొందరపెట్టకుండా, బైబిలు మొదటినుంచి చివరిదాకా నిదానంగా చదువుకోవాలని. భోంగా కూతకు లేచి, భోంగా కూతకు తిని, భోంగా కూతకు పడుకున్నవాడికి ఇంకేం ఆశ ఉంటుంది?

మా తాత తెలంగాణనుంచి సోలాపూర్ వచ్చి మిల్లులో చేరాడు. ఈ ఊళ్లో మొదటి బట్టల మిల్లు 1877లో మొదలైంది. అప్పటినుంచి మనవాళ్లు వస్తూనే ఉన్నారు. నేను స్పిన్నింగ్‌లో బదిలీగా చేరి, పర్మనెంట్ అయ్యి, చివరికి జాబర్‌నయ్యాను. మిల్లు మూతపడ్డాక ఒక టవల్ కార్ఖానాలో పని చేశాను. 58 నిండాక పింఛను మొదలైంది. అనుకున్నట్టే బైబిలు తెరిచి కూర్చున్నాను.

మూడు వారాలు బాగానే గడిచింది. నాలుగో వారం ఒకరోజు మా ఇంటావిడ ముందు రాత్రి నానేసిన తునికాకు కత్తిరిస్తూ అడిగింది. "ఏమయ్యా, నీకు రిటైర్మెంటొచ్చింది. నాకెప్పుడొస్తది?"

నా దగ్గర జవాబు లేదు. నలభై ఏళ్లుగా ఆమె రోజుకు వెయ్యి బీడీలు చుడుతోంది. ఇరవై ఐదింటికి ఒక కట్ట చొప్పున నలభై కట్టలు. మిల్లు మూతపడిన రోజుల్లో మా పొయ్యి వెలిగింది ఆ కట్టలతోనే. ఆ ఉదయం నేను చదువుతున్నది లూకా సువార్తలో మార్త, మరియల కథ. ప్రభువు పాదాల దగ్గర కూర్చున్న మరియనే ఆయన మెచ్చుకున్నాడు, నిజమే. కానీ మా ఇంట్లో మార్త పని చేస్తుంటేనే నేను మరియలా కూర్చోగలుగుతున్నాను. ఆ రోజునుంచి నీళ్లు పట్టడం, ఆకు కడగడం, కట్టలు సంచిలో సర్దడం నా పని. ఇప్పుడు ఆమె చుడుతుంటే నేను పైకి చదువుతాను. ఇద్దరం కూర్చునే వింటున్నాం.

ఇది మొదటి పాఠం, తేలికైనది. రెండోది అంత తేలిక కాదు.

పొద్దున్నే చాయ్ తాగడానికి మా చౌక్ దాకా నడుస్తాను. అక్కడే లేబర్ నాకా. తాపీలు, కుంచెలు, పారలు పట్టుకుని మనుషులు నిలబడి ఉంటారు. ముకాదం బండిమీద వచ్చి చూపుడు వేలితో ఇద్దరినో ముగ్గురినో చూపిస్తాడు. వాళ్లు వెళ్లిపోతారు, మిగతావాళ్లు నిలబడి ఉంటారు. తొమ్మిదికి కొందరు, పదికి ఇంకొందరు. పదకొండు దాటితే ఇక ఆ రోజు పని లేనట్టే.

ఒకరోజు పదకొండున్నరకు కూరగాయలు తేవడానికి మళ్లీ అటు వెళ్లాను. ఇరవై ఏళ్ల కుర్రాడొకడు ఇంకా అక్కడే ఉన్నాడు. డబ్బా సంచి భుజానికి వేలాడుతోంది. "ఇంకా ఎందుకున్నవ్ రా?" అన్నాను. "ఎవరూ పిలవలేదు తాతా" అన్నాడు.

ఈ మాట నేను ముందే ఎక్కడో విన్నాను. మత్తయి సువార్త 20వ అధ్యాయం. ద్రాక్షతోట యజమాని పొద్దున్నే కూలీలను మాట్లాడుకుంటాడు. మళ్లీ తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి, చివరికి సాయంత్రం అయిదింటికి కూడా వెళ్లి, ఇంకా నిలబడి ఉన్నవాళ్లను పనికి పిలుస్తాడు. పొద్దు గూకాక అందరికీ ఒకే కూలి ఇస్తాడు, అదీ చివర వచ్చినవాళ్లతో మొదలుపెట్టి. పొద్దున్నుంచి ఎండలో కష్టపడ్డవాళ్లు సణుగుతారు.

ఈ కథ మీద మా సంఘంలో నేను రెండుసార్లు మాట్లాడాను. ఆఖరి గడియలో మారుమనస్సు పొందినవాడికీ రక్షణ ఉందని చెప్పాను. తప్పేమీ కాదు. కానీ మనసులో మాత్రం సణిగినవాళ్ల పక్షమే నాది. పర్మనెంట్ కార్మికుడి న్యాయం అది: పన్నెండు గంటలు చేసినవాడికీ గంట చేసినవాడికీ ఒకే జీతమా? యూనియన్ ఒప్పుకుంటుందా?

అయిదింటిదాకా నిలబడ్డవాడి గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. అతను సోమరి కాదు. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడు, వేలు అతనివైపు తిరగలేదు, అంతే. పని గంట సేపే దొరికిందని ఇంట్లో పిల్లల ఆకలి గంటకు సరిపడా తగ్గదు కదా. యజమాని పనిని కొలవలేదు, అవసరాన్ని కొలిచాడు.

ఆ కుర్రాడి ముందు నిలబడి ఇదంతా ఆలోచిస్తుంటే నాకు చెమట పట్టింది. ఎందుకంటే ఒకప్పుడు ఆ వేలు నాదే.

మిల్లు సంగతి తెలిసినవాళ్లకు బదిలీ సంగతి చెప్పక్కర్లేదు. పిల్లల కోసం రాస్తున్నాను. పర్మనెంట్ కార్మికుడు ఎవరైనా పనికి రాకపోతే ఆ రోజుకు అతని జాగాలో పని చేసేవాడు బదిలీ. పాళీ మొదలయ్యే ముందు బదిలీలంతా గేటు దగ్గర నిలబడాలి. మా ఖాతాలో ఎంతమంది తక్కువైతే అంతమందిని పిలిపించే మాట నాది. ఒక బదిలీ కార్మికుడు ఆఫీసరు ముందు నా తప్పొకటి చెప్పాడు. చెప్పింది నిజమే. అది నాకు మింగుడు పడలేదు. ఆ తర్వాత దాదాపు సంవత్సరం, నా పాళీలో జాగా ఉన్నా అతన్ని పిలవలేదు. తిట్టలేదు, కొట్టలేదు, రిపోర్టు రాయలేదు. పిలవలేదు, అంతే. నేను వేరే పాళీకి మారాకే అతను పర్మనెంట్ అయ్యాడు. ఆదివారాలు మాత్రం నేను ఆరాధనలో ముందు వరసలో కూర్చున్నాను.

అతని ఇల్లు కనుక్కోవడానికి నాలుగు రోజులు పట్టింది. గుమ్మందాకా వెళ్లి ఒకసారి వెనక్కి వచ్చేశాను. రెండోసారి మా ఇంటావిడ తోడు వచ్చింది.

అతనికి ఇప్పుడు ఆయాసం, మంచం మీదే ఎక్కువసేపు. నన్ను గుర్తుపట్టాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "గేటు కాడ నిలవడుడు కష్టం కాదన్నా. నిండు డబ్బాతోటి ఇంటికి పోవుడు కష్టం. అందుకే పోకపోతుంటి. సిద్ధేశ్వర్ చెరువు గట్టు మీద కూసొని, భాకరీ తిని, పాళీ సుట్టీ అయినంక పోతుంటి. పిల్లలు నాయిన పనికి పోయిండనుకునేటోళ్లు."

చాయ్ తెచ్చిన అతని పెద్దకూతురు గోడకానుకుని నిలబడి వింటోంది. "నేను అనుకోలే బాపూ" అంది. "నాకు తెలుసు. అందుకే ఏడోది ఇడిసిపెట్టి బీడీలకు కూసున్న."

క్షమించానని ఆమె అనలేదు. అనమని అడిగే హక్కు నాకు లేదు. చాయ్ గ్లాసు నా చేతికిచ్చి లోపలికి వెళ్లింది.

లేవబోతుంటే అతనే చెప్పాడు, ఏడు నెలలుగా పింఛను రావడం లేదని. జీవన్ ప్రమాణ్ కోసం రెండుసార్లు ఆటోలో వెళ్లాడట. మెషీన్ మీద వేళ్లు పడలేదట. అతని వేళ్లు చూశాను, నా వేళ్లూ చూసుకున్నాను. ఏళ్లతరబడి తెగిన పోగులు అతికి అతికి రెండు చేతులూ ఒక్కలాగే నున్నగా ఉన్నాయి. నాకూ కిందటేడు ఇదే జరిగింది. నువ్వు నువ్వు కాదని మెషీన్ అంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఇలాంటి ఇబ్బంది మన బస్తీల్లో చాలామందికి ఉంటుంది, అందుకే వివరంగా చెబుతున్నాను. వేలిముద్ర పడకపోతే కంటిపాపతో చేయవచ్చు. మొబైల్లో ముఖం చూపించి కూడా చేయవచ్చు, ఈ పద్ధతి 2021 నవంబరులో వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ వేసుకోవాలి. ఆధార్ నంబరు, పీపీఓ నంబరు, బ్యాంకు ఖాతా, మొబైల్ నంబరు దగ్గర ఉంచుకోవాలి. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చుని, చెప్పినప్పుడు కళ్లార్పాలి. మన పీఎఫ్ పింఛనుకు నవంబరుదాకా ఆగక్కర్లేదు. ఏ నెలలో ఇచ్చినా అక్కణ్ణుంచి ఏడాది చెల్లుతుంది. ఆగిపోయిన పింఛను, సర్టిఫికెట్ అందాక బకాయితో సహా వస్తుంది.

మరుసటి రోజు మా మనవణ్ణి, అతని ఫోన్‌నూ వెంటబెట్టుకుని వెళ్లాను. మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపాం. రెండుసార్లు కాలేదు, మూడోసారి అయింది. తర్వాత బకాయి జమ అయింది. పెద్ద మొత్తమేమీ కాదు, మన పింఛన్లు ఎంతో మీకు తెలుసు. మందులకు సరిపోతుంది.

జక్కయ్య కథ గుర్తుందా? అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. అతను తీసుకుంది డబ్బు కాబట్టి ఇవ్వగలిగాడు. నేను తీసుకుంది ఒక ఆడపిల్ల ఏడో తరగతి. దానికి ఒక్కింత కూడా తిరిగివ్వలేను. ప్రభువు నన్ను క్షమించాడని నమ్ముతున్నాను. నమ్మినా ఆ లెక్క మాయం కాదు. రెండూ పక్కపక్కనే ఉంటాయి.

ఇప్పుడు నెలకు రెండుసార్లు వాళ్లింటికి వెళ్తున్నాను. ఆ వీధిలో వేళ్లు పడనివాళ్లు ఇంకా ఆరుగురు తేలారు, అందరికీ చేయించాం. కిందటిసారి ఆ పెద్దకూతురు తన బీడీ కార్మికుల గుర్తింపు కార్డు తెచ్చి చూపించింది. "కాకా, దీంట్ల నా పేరు తప్పు పడ్డది. ఎట్ల సరిచేయాలె?" అని అడిగింది.

సోమవారం ఇద్దరం కలిసి ఆఫీసుకు వెళ్తున్నాం.

మీ ఇళ్లలో రిటైరైన పెద్దలెవరైనా ఉంటే ఈ మాట చదివి వినిపించండి. మీది ఏ మతమైనా సరే. మీరు ఒకప్పుడు గేటు దగ్గర వేలు చూపించినవాళ్లయితే, ఆ వేలు దాటిపోయిన మనిషి ఇల్లు ఎక్కడుందో కనుక్కోండి. ఇప్పుడు మనకు టైముంది.