కొండలకు మూడు ముళ్లు

లక్నవరం చెరువు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఒడ్డున నిలబడి చెప్పడం కష్టం. ఒక కొండ మలుపు తిరిగితే నీరు, ఆ మలుపు దాటితే మళ్లీ నీరు, నడుమ నడుమ చెట్లు కమ్మిన దీవులు. ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలోని ఈ చెరువును ఎవరూ తవ్వలేదు. పదమూడో శతాబ్దంలో, కాకతీయుల ఏలుబడిలో, నీటి పని తెలిసినవాళ్లు ఈ కొండల వరుసను చూశారు. వాననీరు జారిపోయే ఇరుకు సందులు మూడు కనిపించాయి. ఒక్కో సందుకు ఒక్కో పొట్టి కట్ట పోశారు. మిగతా గోడంతా కొండలదే. మూడు ముళ్లు వేసి కొండలకూ వానకూ పెళ్లి చేశారు. మనిషి కట్టిన చెరువు ప్రకృతి వింత ఎలా అవుతుందని అడిగేవాళ్లుంటారు. ఎనిమిది వందల ఏళ్లుగా చేపలూ కొంగలూ అడవీ దీన్ని తమదే అనుకుంటున్నాయి. నాకు వాటి మాటే చెల్లుతుంది.

మార్చి నెల శనివారం. వేలాడే వంతెన మీద సెల్ఫీల సందడి పొద్దుగూకాక సద్దుమణిగింది. గుడారం ముందు చాప పరిచి అన్నం ముద్దలు కలుపుకుంటుంటే అవతలి ఒడ్డు నుంచి ఎవరిదో ఆడగొంతు స్పష్టంగా వినిపించింది: "ఉప్పు ఏడ వెట్టినవ్?" పిల్లలు ఉలిక్కిపడి చుట్టూ చూశారు. దగ్గర్లో ఎవరూ లేరు. ఎండాకాలం మొదట్లో పగలంతా గాలి వేడెక్కుతుంది గానీ చెరువు నీరు అంత తొందరగా వేడెక్కదు. అందుకని సాయంత్రం నీటిని ఆనుకున్న గాలి చల్లగా, దాని పైగాలి వెచ్చగా ఉంటుంది. చల్లగాలిలో శబ్దం నిదానంగా, వెచ్చటి గాలిలో వేగంగా సాగుతుంది. ఆ తేడా వల్ల ఆకాశంలోకి పోవలసిన మాట వంగి తిరిగి నీటి మీదికే దిగుతుంది. అందుకే చెరువు ఒడ్డున కూర్చుని చుట్టాలను ఆడిపోసుకోకూడదు. ఆ సంగతి తెలిసేసరికి మావాళ్లు ఇద్దరు ముగ్గురి పని పట్టేశారు.

అన్నాలయ్యాక పిల్లలకు ఒక ఆట చెప్పాను. టార్చిని చేయి చాచి కాదు, కంటి పక్కన కణతకు ఆనించి పట్టుకుని గడ్డి మీదికి వెలుగు వేయాలి. వేశారు. గడ్డి నిండా పచ్చటి చుక్కలు మెరిశాయి. మంచు బిందువులనుకుని పెద్దవాడు ఒకదాని దగ్గరికి వంగాడు. బిందువు పరుగెత్తింది! వల అల్లకుండా నేల మీదే వేటాడే సాలీళ్లవి. వాటి కంటి వెనకాల ఒక పొర ఉంటుంది. అది వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. అందుకే టార్చి మన కంటి పక్కన ఉంటేనే ఆ మెరుపు మనకు దొరుకుతుంది. చేయి కిందికి దించితే అంతా మామూలు గడ్డే. ఆ రాత్రి గుడారంలో పడుకోవడానికి మా చిన్నది ఒక పట్టాన ఒప్పుకోలేదు. అంతమంది చూస్తుండగా ఎలా నిద్ర పడుతుందని దాని బాధ.

ఆదివారం తెల్లవారాకే బండి తీశాం. పస్రా మీదుగా తాడ్వాయి, అక్కణ్నుంచి మేడారం వైపు. ఈ అడవి 1952 నుంచి ఏటూరునాగారం అభయారణ్యం. చీకట్లో ఇక్కడ బండి తిప్పడం మర్యాద కాదు. టేకులు ఆకు రాల్చి నిలబడ్డాయి. మోదుగ పూత చివరికొచ్చింది. తపసి చెట్టు ఒక్కటే తెల్లటి మానుతో అడవంతటికీ వేరుగా కనిపించి అత్తమ్మను కాసేపు భయపెట్టింది.

దారి పక్కన ఇప్పచెట్టు కింద ఒక కోయ ఆమె, ఇద్దరు పిల్లలు పూలు ఏరుతున్నారు. ఇంత పొద్దున్నే ఎందుకక్కా అంటే, "ఎండెక్కితె వాడిపోతయన్నా. ఇంకింత ముందొస్తె ఎలుగు ఉంటది" అంది. ఎలుగుబంటికి ఇప్పపువ్వంటే ప్రాణం. ఈ పువ్వు రాత్రి విచ్చుకుంటుంది. గబ్బిలాలు వచ్చి పుప్పొడి మోస్తాయి. తెల్లవారేసరికి పువ్వు నేల మీద ఉంటుంది. నన్ను ఆపేసింది మాత్రం ఇంకొక సంగతి. రాలేది తియ్యటి, కండగల పూరేకుల దొన్నె మాత్రమే. కాయ కావలసిన పిందె, దాని పొడుగాటి కీలంతో సహా, కొమ్మ మీదే ఉండిపోతుంది. రాలిన పువ్వు అడుగున ఆ పిందె వదిలిన రంధ్రం కనిపిస్తుంది. అంటే బుట్టల కొద్దీ పూలు ఏరుకున్నా చెట్టుకు ఒక్క కాయ తగ్గదు. ఆ కాయ గింజల నుంచే మళ్లీ ఇప్పనూనె.

ఇంకాస్త ముందుకు నల్లమద్ది మాను. బెరడంతా మొసలి వీపు. 2024 మార్చిలో పాపికొండల అడవిలో, కొండరెడ్లు చెప్పిన గుర్తు పట్టుకుని అటవీ సిబ్బంది ఒక నల్లమద్ది బొడిపెకు గాటు పెడితే నీరు ధారగా చిమ్మింది. పిల్లలు కత్తి అడిగారు. ఇవ్వలేదు.

తాడ్వాయి, మేడారం నడుమ ఉన్నట్టుండి ఆకాశం పెద్దదవుతుంది. 2024 ఆగస్టు 31న వీచిన గాలికి ఇక్కడ 50,000కు పైగా చెట్లు పడిపోయాయని అప్పట్లో అటవీ శాఖ అంచనా వేసింది. వేళ్లతో సహా తిరగబడితే ఆ చెట్టు కథ ముగిసినట్టే. నడుముకు విరిగి మొదలు మిగిలితే టేకు మళ్లీ చిగురు వేస్తుంది. నీడ పోయిన చోట ఎండ కోసం కాచుకున్న గింజలన్నీ ఒక్కసారి లేస్తాయి. వాటిలో ముందు గెలిచేవి గడ్డీ తీగలే, వృక్షాలకు ఓపిక కావాలి.

ఆ గాలి వీచిన ఏడాదే, డిసెంబర్ 4 పొద్దున 7:27కి, ఈ జిల్లాలోనే నేల 5.3 తీవ్రతతో కంపించింది. అంతకుముందు గోదావరి లోయలో ఇంత గట్టిగా కదిలింది 1969లో, భద్రాచలం దగ్గర, 5.7తో. చాలా పాతకాలంలో భూమి పగిలి కుంగిన పల్లం వెంట గోదావరి పారుతోంది. ఆ పగుళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడూ సర్దుకుంటాయి. మేడారం దగ్గర చాయ్ దుకాణం ఆయన్ను ఆ డిసెంబర్ కంపం సంగతి అడిగాం. గ్లాసులు గలగలమంటే కోతులొచ్చాయనుకుని కర్ర తీసుకుని బయటికి ఉరికాడట ఆయన.