17 డాలర్ల 41 సెంట్ల కోపం

కోపంలో రాసిన ఉత్తరాన్ని ఒక రాత్రి పక్కన పెట్టి పడుకోవడం మంచిది. డాన్ గిల్బర్ట్‌కి ఆ మాట చెప్పేవాళ్లు లేకపోయారో, చెప్పినా వినలేదో! 2010 జులై 8 రాత్రి బాస్కెట్‌బాల్ స్టార్ లెబ్రాన్ జేమ్స్ టీవీలో కూర్చుని, మయామీ హీట్ జట్టుకి వెళ్లిపోతున్నానన్నాడు. అతను అప్పటిదాకా ఆడిన క్లీవ్‌లాండ్ కావలియర్స్ యజమాని గిల్బర్ట్ రాసిన బహిరంగ లేఖ ఆ రాత్రే జట్టు వెబ్‌సైట్‌లోకి ఎక్కేసింది.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో స్టార్లు జట్లు మారడం వెనక యాజమాన్యాల లెక్కలేమిటో ముఖచిత్ర కథనంగా రాయమన్నారు ఎడిటర్‌గారు. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి. జీతాల పరిమితి, లగ్జరీ ట్యాక్స్ పట్టికలన్నీ ముందేసుకుని కూర్చున్నాను గానీ, ఈ ఉత్తరం చదివాక వాటి మీదికి మనసు పోలేదు. అన్నీ లాయర్లు దిద్దిన భాషలోనే మాట్లాడే వ్యాపారంలో, ఒక యజమాని కడుపులో ఉన్నది ఇంత పచ్చిగా బయటపడటం అరుదు.

ఉత్తరం క్లీవ్‌లాండ్ అభిమానులను ఉద్దేశించి రాసింది. వెళ్లిపోయినవాణ్ని 'మన మాజీ హీరో' అంటాడు. తనకు తానే బిరుదిచ్చుకున్న మాజీ రాజు అంటాడు. ఒక్కచోట 'జేమ్స్' అని జారిందే తప్ప పూర్తి పేరు పలకడానికి కూడా నోరు రాలేదు. ఇది పిరికి ద్రోహమనీ, మన పిల్లలు నేర్చుకోవాల్సిన దానికి సరిగ్గా వ్యతిరేకమైన పాఠమనీ వాపోతాడు. తర్వాత ఒక వాక్యం మొత్తం పెద్దక్షరాల్లో: ఆ మాజీ రాజు కన్నా ముందే కావలియర్స్ టైటిల్ గెలుస్తుందని వ్యక్తిగతంగా హామీ ఇస్తున్నానంటాడు. బ్యాంకులో వేసుకోవచ్చట. అప్పులిచ్చే క్విక్కెన్ లోన్స్ సంస్థను స్థాపించిన మనిషి కదా, పూచీకత్తు భాష నోటికి తేలిగ్గా వచ్చినట్టుంది.

అసలు రుచి శాపంలో ఉంది. క్లీవ్‌లాండ్‌కి పట్టిందని అందరూ చెప్పుకునే క్రీడాశాపాన్ని ఆ మాజీ రాజు మూటగట్టుకుని దక్షిణాదికి పోతున్నాడట. ఇకపై ఆ పీడ, ఆ పాడు కర్మ (ఉత్తరంలో కర్మ అనే మాటే వాడాడు) అతనికీ, అతను ఆడే ఊరికీ చుట్టుకుంటాయట. ఎంతకాలం? క్లీవ్‌లాండ్‌కీ ఒహాయోకీ అతను న్యాయం చేసేదాకా. మన పురాణాల్లో మునులు శపించి, ఆ వెంటనే శాపవిమోచనం కూడా చెప్పినట్టు, ఈయనా ఓ తలుపు తెరిచే ఉంచాడు. మండిపడుతూ కూడా ఒప్పందంలో మినహాయింపు రాసుకున్నాడంటే వ్యాపారి బుద్ధి ఎక్కడికి పోతుంది!

అప్పట్లో ఆయనకే చెందిన ఫ్యాట్‌హెడ్ కంపెనీ గోడలకు అంటించుకునే క్రీడాకారుల బొమ్మలు అమ్మేది. లెబ్రాన్ బొమ్మ అసలు ధర 99 డాలర్ల 99 సెంట్లు. ఉత్తరం వెలువడిన వెంటనే దాన్ని 17 డాలర్ల 41 సెంట్లకు దించారు. బెనెడిక్ట్ ఆర్నల్డ్ పుట్టిన సంవత్సరం 1741. స్వాతంత్ర్య యుద్ధం మధ్యలో బ్రిటిష్‌వాళ్ల వైపు దూకిన అమెరికన్ సేనాని అతను. మనకు మీర్ జాఫర్ ఎలాగో వాళ్లకు అతనలాగ. పేజీలకు పేజీల దూషణ కన్నా ఈ ధరల చీటీయే నాకు ఎక్కువ చెప్పింది. కోపం వచ్చినా సరుకు మాత్రం అమ్ముడుపోవాలి.

లెబ్రాన్ చేసిన ద్రోహమేమిటి మరి? క్లీవ్‌లాండ్‌కి గంట దూరంలోని ఏక్రన్‌లో పుట్టాడు. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2003లో మొదటి వంతు క్లీవ్‌లాండ్‌కి దక్కింది, వాళ్లు అతణ్ని తీసుకున్నారు. అంటే ఆ జట్టును అతను ఎంచుకోలేదు. ఏడు సీజన్లు ఆడాడు. ఒప్పందం ముగిసింది. ఎక్కడ పనిచేయాలో వృత్తిజీవితంలో మొదటిసారి తనే నిర్ణయించుకున్నాడు. చేసిన పద్ధతి ఎబ్బెట్టుగా ఉన్న మాట నిజమే. గంటసేపు టీవీ కార్యక్రమం పెట్టి, దాదాపు అరగంట సాగదీసి, కోటిమంది చూస్తుండగా సొంత ఊరివాళ్ల ముఖం మీద చెప్పక్కర్లేదు. మొరటుదనాన్ని తిట్టొచ్చు. దాన్ని ద్రోహమన్నాడంటే, ఆటగాడు తన ఆస్తి అని గిల్బర్ట్ అనుకుంటున్నట్టే లెక్క.

పౌరహక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్ ఈ సంగతిని కుండబద్దలు కొట్టాడు. గిల్బర్ట్ కళ్లకు లెబ్రాన్ పారిపోయిన బానిసలా కనిపిస్తున్నాడన్నాడు. లీగ్ కమిషనర్ డేవిడ్ స్టెర్న్ గిల్బర్ట్, జాక్సన్ ఇద్దరినీ మందలించి, గిల్బర్ట్‌కి లక్ష డాలర్ల జరిమానా వేశాడు. ఇంత గోల మధ్యా కావలియర్స్ ఆఫీసు తన పని తాను చేసుకుపోయింది. లెబ్రాన్‌తో సంతకం చేయించి తామే మయామీకి ట్రేడ్ చేసినట్టు కాగితాలు నడిపింది. 'సైన్ అండ్ ట్రేడ్' అంటారు దీన్ని. ఆటగాడికి ఆరేళ్ల ఒప్పందం దక్కింది, కావలియర్స్‌కి డ్రాఫ్ట్‌లో రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లతో పాటు మరికొన్ని ముట్టాయి. ద్రోహికి కూడా రసీదు రాయించుకున్నారన్నమాట.

చరిత్ర కూడా ఉండాలన్నారు ఎడిటర్‌గారు, ఇదిగో: పూర్వం ఒప్పందం ముగిసినా ఆటగాడు జట్టు చేతిలోనే ఉండేవాడు, 1970లో ఆటగాళ్ల సంఘం అధ్యక్షుడు ఆస్కార్ రాబర్ట్‌సన్ కోర్టుకెక్కాడు, 1976లో రాజీ కుదిరి ఆ కట్టు సడలింది, 1984-85 సీజన్‌కి జట్టుకి 36 లక్షల డాలర్ల జీతాల పరిమితి వచ్చింది, 1988లో టామ్ చాంబర్స్ మొదటిసారి ఏ అడ్డూ లేని ఫ్రీ ఏజెంట్‌గా (ఒప్పందం ముగిసి తన జట్టును తనే ఎంచుకునే ఆటగాడిగా) సియాటిల్ నుంచి ఫీనిక్స్‌కి మారాడు, 1996లో షకీల్ ఓ నీల్ ఏడేళ్లకు 12 కోట్ల డాలర్లతో లేకర్స్‌లో చేరాడు.

హామీ సంగతి చూద్దాం. 2009-10లో 61 ఆటలు గెలిచిన కావలియర్స్ మరుసటి సీజన్‌లో 19 గెలిచింది. మధ్యలో వరసగా 26 ఓటములు. 2011 ఫైనల్లో మయామీ డాలస్ చేతిలో ఓడినప్పుడు గిల్బర్ట్ ముఖం వెలిగింది. 2012లో లెబ్రాన్ గెలిచాడు, 2013లో మళ్లీ గెలిచాడు. అయినా ఆ ఉత్తరం జట్టు వెబ్‌సైట్‌లో నాలుగేళ్లపాటు ఉండిపోయింది. 2014 జులైలో, లెబ్రాన్ మళ్లీ ఫ్రీ ఏజెంట్ అయ్యాక, ఉన్నట్టుండి మాయమైంది. గిల్బర్ట్ విమానమెక్కి మయామీ వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాడు.

జులై 11న రెండో ఉత్తరం. ఈసారి రాసింది లెబ్రాన్. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ విలేకరి లీ జెంకిన్స్‌కి చెప్పి రాయించాడు. ఇంటికి వస్తున్నానన్నది దాని సారం. మయామీ తనకు కాలేజీ చదువు లాంటిదన్నాడు. పగ పట్టడానికి నేనెవరినన్నాడు. టైటిల్ తెస్తానని మాత్రం మాటివ్వలేదు. గిల్బర్ట్ లేఖ పక్కన పెట్టి చదివితే ఎంత నిదానం, ఎంత మర్యాద! నాక్కూడా కాసేపు కళ్లు చెమర్చాయి.

తర్వాత పేర్లు లెక్కపెట్టాను. కైరీ ఇర్వింగ్‌ని గొప్ప పాయింట్ గార్డ్‌గా తీర్చిదిద్దగలనన్నాడు. ట్రిస్టన్ థాంప్సన్, డియాన్ వెయిటర్స్ ఎదుగుదలకు సాయపడతానన్నాడు. ఆండర్సన్ వరెజావ్‌తో మళ్లీ ఆడాలని ఉందన్నాడు. పక్షం రోజుల క్రితమే డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైన పంతొమ్మిదేళ్ల ఆండ్రూ విగిన్స్ పేరు లేదు. ముందు ఏడాది మొదటి ఎంపిక ఆంథనీ బెనెట్ పేరూ లేదు.

ఆ ఉత్తరం వచ్చిన రోజే విగిన్స్ లాస్ వేగాస్ సమ్మర్ లీగ్‌లో కావలియర్స్ జెర్సీ వేసుకుని ఆడుతున్నాడు. పేరు లేకపోవడం విలేకర్ల కంట పడింది. జులై 24న అతను ఒప్పందంపై సంతకం చేశాడు. కొత్తగా సంతకం చేసిన డ్రాఫ్ట్ ఆటగాణ్ని 30 రోజుల దాకా ట్రేడ్ చేయకూడదన్నది లీగ్ నియమం. ముప్పయ్యో రోజు, ఆగస్టు 23. విగిన్స్, బెనెట్ ఇద్దరూ మినెసోటాకి, అక్కడి స్టార్ కెవిన్ లవ్ క్లీవ్‌లాండ్‌కి. ఒక్క రోజు కూడా ఎక్కువ ఆగలేదు.

తిట్టి రాసిన ఉత్తరంలో యజమాని బయటపడ్డాడు. మర్యాదగా రాసిన ఉత్తరంలో ఇంకో యజమాని తయారయ్యాడని నా అనుమానం. తిరిగొచ్చిన లెబ్రాన్ దీర్ఘకాలిక ఒప్పందం చేసుకోలేదు. రెండేళ్లకు రాసుకుని, ఏడాదికే తప్పుకునే వీలు ఉంచుకున్నాడు. ప్రతి వేసవిలోనూ అతను మళ్లీ వెళ్లిపోవచ్చంటే జట్టు కొనుగోళ్లన్నీ అతని ముఖం చూసుకునే జరుగుతాయి కదా. 2016 జనవరిలో 41 ఆటల్లో 30 గెలిపించిన కోచ్ డేవిడ్ బ్లాట్‌ని సీజన్ మధ్యలో పంపేశారు. అందులో లెబ్రాన్ ప్రమేయం లేదన్నారు; నమ్మినవాళ్లు తక్కువ. ఆ జూన్‌లోనే 73 ఆటలు గెలిచిన గోల్డెన్ స్టేట్‌పై 3-1 వెనకబడి కూడా టైటిల్ కొట్టారు. పెద్ద లీగుల్లో ఊరికి 52 ఏళ్ల తర్వాత దక్కిన మొదటి ట్రోఫీ అది. శాపం తీరింది, గిల్బర్ట్ రాసుకున్న మినహాయింపు ప్రకారమే.

2018లో లేకర్స్‌కి వెళ్లేటప్పుడు టీవీ లేదు, ఉత్తరం లేదు. ఏజెన్సీ నుంచి ఒక చిన్న ప్రకటన వచ్చింది: నాలుగేళ్లు, 15.4 కోట్ల డాలర్లు. గిల్బర్ట్ ఈసారి కృతజ్ఞతలు చెప్పాడు.

బాక్స్: ఆ ఫాంట్

గిల్బర్ట్ ఉత్తరం కామిక్ సాన్స్‌లో ఉంది. తిట్ల కన్నా దాని మీదే ఎక్కువ జోకులు పేలాయి. 1994లో మైక్రోసాఫ్ట్‌లో విన్సెంట్ కొనేర్ కామిక్ పుస్తకాల అక్షరాలు చూసి దాన్ని గీశాడు. ఫాంట్ తప్పేం లేదు పాపం. 2012లో సెర్న్ శాస్త్రవేత్తలు హిగ్స్ బోసాన్ జాడ ప్రకటించిన స్లైడ్లు కూడా అందులోనే ఉన్నాయి.

బాక్స్: యజమాని వదులుకుంటే?

2025 ఫిబ్రవరిలో డాలస్ మావెరిక్స్ అర్ధరాత్రి వేళ లూకా డాన్చిచ్‌ని లేకర్స్‌కి ఇచ్చేసి ఆంథనీ డేవిస్‌ని తెచ్చుకుంది. డాన్చిచ్‌కి అప్పటికి పాతికేళ్లు. ఎనిమిది నెలల ముందే జట్టును ఫైనల్‌కి తీసుకెళ్లాడు. తనను అమ్మేస్తున్నట్టు అతనికే తెలియదు. డాలస్‌లోనే ఉండి ఉంటే దక్కే దాదాపు 34.5 కోట్ల డాలర్ల ఒప్పందానికి అర్హత కూడా పోయింది. యాజమాన్యం దీన్ని విధేయత ప్రశ్నగా కాక వ్యూహంగా చెప్పుకుంది. 2021లో ఐపీఎల్ సీజన్ మధ్యలో డేవిడ్ వార్నర్ కెప్టెన్సీ ఊడి, అతను గ్యాలరీలో జెండా ఊపుతూ కూర్చోవడం చూసిన సన్‌రైజర్స్ అభిమానులకు ఆ కడుపుమంట ఎలాంటిదో విడమర్చి చెప్పక్కర్లేదు. ట్రేడ్ చేసిన జనరల్ మేనేజర్ నికో హారిసన్‌ని తీసేయమని డాలస్ జనం స్టేడియంలో నెలల తరబడి కేకలేశారు, నవంబరులో తీసేశారు. డాన్చిచ్ ఆ ఆగస్టులోనే లేకర్స్‌తో మూడేళ్లకు 16.5 కోట్ల డాలర్ల పొడిగింపు రాసుకున్నాడు, ఈసారి తన ఇష్టంతోనే.