టికెట్‌లో ఏడు గంటలు.. గాల్లో నాలుగున్నరే!

శుక్రవారం బతాకు వస్తే ట్రావెల్స్ దుకాణాల ముందు మనోళ్ల నోట ఒకటే మాట.. 'హైదరాబాద్‌కు ఎన్ని గంటలు పడ్తది?'

రియాద్ నుంచి శంషాబాద్‌కు గాలిదారిన సుమారు 3,400 కిలోమీటర్లు. నేరుగా పోయే విమానమైతే నాలుగున్నర గంటలు, కాస్త అటూఇటూ. మరి రాత్రి 1కి ఎక్కితే ఉదయం 8కి దిగుతామని టికెట్‌లో ఎందుకుంటుంది? ఎక్కేది సౌదీ టైం, దిగేది ఇండియా టైం. మన గడియారం రెండున్నర గంటలు ముందుంటుంది. పోయేటప్పుడు ఆ రెండున్నర తీసెయ్యాలి, వచ్చేటప్పుడు కలపాలి. తిరుగు ప్రయాణంలో, ముఖ్యంగా చలికాలంలో, ఎదురుగాలి వల్ల ఇంకొంచెం ఎక్కువే పడుతుంది.

అసలు తిప్పలు తారీఖుతోనే. 12వ తేదీ 00.40 అని ఉంటే 11 రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి. 12 రాత్రి కార్టన్లు కట్టుకుని బయల్దేరితే విమానం ఎప్పుడో హైదరాబాద్ చేరి ఉంటుంది! చుట్టీ ముగించుకుని వచ్చేవాళ్లకు ఇది మరీ ప్రమాదం. ఎగ్జిట్ రీఎంట్రీ ఆఖరి రోజుకు టికెట్ పెట్టుకుని విమానం తప్పితే వీసా గడువే దాటిపోతుంది. నాలుగు రోజులు ముందే పెట్టుకోండి.

2024 డిసెంబరులో మెట్రో మొదలయ్యాక ఎయిర్‌పోర్టుకు లిమోజినే ఎక్కాలని లేదు. బతా మీదుగా పోయే నీలి లైన్ ఎక్కి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ స్టేషన్‌లో పసుపు లైన్‌కు మారాలి. సామాను ఎక్కువుంటే మాత్రం కారే నయం.

ఇక శంషాబాద్‌లో దిగాక జగిత్యాలకో, నిజామాబాద్‌కో పోవాలంటే మళ్లీ నాలుగైదు గంటలు. సముద్రం దాటినంత సేపూ రోడ్డు మీదే. ఇంట్లోవాళ్లకు టైం చెప్పేటప్పుడు అదీ కలిపి చెప్పండి.