జారు పచ్చసొన: దాని రుచి, దాని జాగ్రత్త

కోడిగ్రుడ్డును పూర్తిగ నుడికించి తినువారు కొందఱు. పచ్చసొన జారుచుండగనే తినుటయందు రుచి కలదనువారు మఱికొందఱు. పచ్చిగ్రుడ్డును పాలలో కలుపుకొని మ్రింగినగాని బలము రాదని నమ్మువారు ఇంకను కొందఱు. ఈ మూడు తెగలవారును ప్రతి గ్రామమునందును కలరు. తినువాని యిష్టమునకు మన మడ్డు చెప్పవలసిన పనిలేదు. కాని గ్రుడ్లను అమ్మువారము మనమే. మన యింటి పిల్లలు తినునదియు ఆ గ్రుడ్లే. కావున ఏ గ్రుడ్డును ఏ తీరున తినవచ్చునో కోళ్లను పెంచు రైతు తెలిసికొని యుండుట అవసరము.

ముందుగా బలము మాట తేల్చుకొందము. గరిడీ చేయు పడుచువారు ప్రాతఃకాలమున పచ్చిగ్రుడ్లు మ్రింగుట చిరకాలముగ నున్న అలవాటు. ఉడికించినచో సత్తువ పోవునని వారి తలంపు. నిజము దీనికి తలక్రిందులుగ నున్నది. బెల్జియము దేశపు వైద్యులు కొందఱు దీనిని పరీక్షించి 1998లో ఫలితములు ప్రకటించిరి. ఉడికిన గ్రుడ్డులోని మాంసకృత్తులలో నూటికి సుమారు 90 పాళ్లు జీర్ణమైనవి. పచ్చిగ్రుడ్డులోనివి సుమారు 50 పాళ్లు మాత్రమే. అనగా రెండు పచ్చిగ్రుడ్లు మ్రింగినవాడు, ఉడికిన గ్రుడ్డొకటి తిన్నవానికంటె పెద్దగ సంపాదించినది లేదు. ఇదిగాక పచ్చి తెల్లసొనలో అవిడిన్ అను పదార్థము కలదు. అది బయోటిన్ అను విటమినును పట్టుకొని దేహమునకు అందనీయదు. ఉడికినప్పుడు దాని పట్టు సడలును. ఎప్పుడో యొక గ్రుడ్డు మ్రింగినందున ఇట్టి లోపము కలుగదు గాని, నెలల తరబడి దినమునకు నాలుగైదు మ్రింగువారు ఆలోచింపవలసిన విషయమే. బలముకొఱకు పచ్చిగ్రుడ్డు త్రాగుట, డబ్బిచ్చి కొన్న సరుకులో సగము పాఱబోసికొనుట వంటిది.

రుచికొఱకు తినువారి మాట వేఱు. వారిది న్యాయమైన పక్షము. తెల్లసొన గడ్డపెరుగువలె బిగిసి, లోపలి పచ్చసొన తేనెవలె జారుచున్నప్పుడు ఉప్పు, మిరియపుపొడి చల్లి తిన్నచో కలుగు కమ్మదనము, పూర్తిగ నుడికి పిండివలె రాలు సొనలో కానరాదు. టీ దుకాణములలో 'హాఫ్ బాయిల్' అని పెనముమీద ఒకవైపే కాల్చి యిచ్చునదియు ఈ జాతిదే. జపానులో వేడి అన్నముమీద పచ్చిగ్రుడ్డును పగులగొట్టి, సోయా సాస్ చుక్కలు వేసి కలుపుకొని తినుట సామాన్యము. మనము వేడి అన్నములో నేయి వేసికొనునట్లు. అక్కడ గ్రుడ్లను కడిగి, పరీక్షించి, పచ్చిగ ఏ తేదీవఱకు తినవచ్చునో అచ్చువేసి అమ్ముదురు. తేదీ దాటిన గ్రుడ్డును పాఱవేయనక్కఱలేదు, బాగుగ నుడికించి తినవచ్చును. వారి ధైర్యమంతయు ఆ తేదీమీదను, దాని వెనుకనున్న శ్రద్ధమీదను ఆధారపడి యున్నది.

ఇక భయము దేనికనగా, సాల్మొనెల్లా అను సూక్ష్మక్రిమికి. సాల్మన్ అను అమెరికా పశువైద్యుని పేర దానికి ఆ నామము కలిగెను. టైఫాయిడు జ్వరమును కలిగించు క్రిమియు ఈ వంశములోనిదే. కాని కోడిగ్రుడ్లలో ముఖ్యముగ చేరునది ఎంటరైటిడిస్ అను వేఱొక రకము. అది కడుపులో పడిన ఆఱు గంటలు మొదలు మూడు దినములలోపల జ్వరము, కడుపునొప్పి, విరేచనములు కలుగును. దృఢకాయులకు నాలుగు మొదలు ఏడు దినములలో నెమ్మదించును. పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు, దీర్ఘరోగములచే నీరసించినవారికి మాత్రము నెత్తురులోనికి ప్రాకి ప్రాణాపాయము తేగలదు. అట్టివారికి విరేచనములు పట్టుకొన్నచో ఓ.ఆర్.ఎస్. నీరు త్రాగించుచు ఆలస్యము లేక ఆస్పత్రికి కొనిపోవలెను.

ఈ క్రిమి గ్రుడ్డులోనికి రెండు త్రోవల వచ్చును. పెంటకూడ అంటిన పెంకుగుండ వచ్చుట మొదటిది. కోడి కడుపులోనే, పెంకు ఏర్పడకముందే చేరుట రెండవది. ఈ రెండవ త్రోవన వచ్చినదానిని కడుగుటవలనగాని, తుడుచుటవలనగాని పోగొట్టలేము. పెంకు తళతళలాడుచున్నను లోపల క్రిమి యుండవచ్చును.

అయినను గ్రుడ్డునకు ప్రకృతి యిచ్చిన రక్షణ సామాన్యమైనది కాదు. పెంకునకు వేలకొలది సన్నని రంధ్రములు కలవు. వానిపై పలుచని జిగురుపొర కప్పి యుండును. తెల్లసొనలో క్రిములను చంపు పదార్థములును, వానికి కావలసిన ఇనుమును అందనీయక పస్తు పెట్టు పదార్థములును కలవు. అందు చిక్కిన క్రిమి సులభముగ వృద్ధిపొందజాలదు. పచ్చసొన మాత్రము దానికి విందుభోజనము. ఈ రెంటికిని నడుమ నున్నది పలుచని పొర యొక్కటే. క్రొత్త గ్రుడ్డును పగులగొట్టినప్పుడు పచ్చసొన గుండ్రముగ ఉబ్బి నిలుచుటయు, నిలువ గ్రుడ్డులో చదునై చెదరిపోవుటయు మన గృహిణులు ఎఱిగినదే. ఆ పొర సడలినదనుటకు అదియే గుర్తు. చల్లని చోట అది వారములకొలది గట్టిగ నుండును. మన వేసవి యెండలలో కొలది దినములలోనే సడలును. పిమ్మట క్రిమి పచ్చసొనను చేరెనా, మన వేసవి వేడిమి దానికి మిక్కిలి అనుకూలము గనుక, కొద్దిగ నున్నచోట లక్షలగును. ఆ కారణముచేతనే ఒక గ్రుడ్డు పెట్టిన మఱునాడు తిన్నచో ఏమియు చేయక, పదునైదు దినములు అటకమీద నున్న పిమ్మట మనుష్యుని మంచము పట్టింపవచ్చును. నీటిలో వేసి మునుగునా తేలునా యని చూచు పద్ధతి గ్రుడ్డు వయస్సును తెలుపును గాని రోగమును తెలుపదు.

"నలువది యేండ్లుగ తినుచున్నాను, నాకేమియు కాలేదు" అను పెద్దలు కలరు. వారి మాట అబద్ధము కాదు. గడచిన శతాబ్దపు చివర అమెరికాలో వేసిన అంచనా ప్రకారము క్రిమి చేరిన గ్రుడ్డు 20,000కు ఒకటి మాత్రమే. ఆ లెక్కన దినమునకొక గ్రుడ్డు తినువానికి చెడ్డది తగులుటకు సగటున యాబది యేండ్లకు పైగ పట్టును. అక్కడి అంకెను మన గ్రామమునకు అన్వయింపరాదు. మన కోళ్లు వేఱు, మన యెండలు వేఱు. కాని అపాయము బహుకొద్ది గ్రుడ్లలోనే యుండుననుట నిజము. అయితే మూడువందల గ్రుడ్లను ఒక్క గంగాళములో పగులగొట్టి కలిపినచో, అందొక్కటి చెడ్డదైనను మూడువందలును చెడినట్లే. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వమువారు పచ్చిగ్రుడ్లతో చేయు మయొనైజును ఒక సంవత్సరముపాటు నిషేధించుటకు కారణ మిట్టిదే. పచ్చిసొనలో నూనె పోసి చిలికిన ఆ పదార్థమునకు నిప్పుసెగ తగులదు. పైగ అంగడి బల్లమీద గంటలకొలది యుండును. ఇంట తాను పెంచిన కోడి పెట్టిన ఒక్క గ్రుడ్డును తినుటకును, ఎవరివో, ఎన్నాళ్లవో తెలియని గ్రుడ్లను కలిపిన ముద్దను తినుటకును గల భేదమును గుర్తింపవలెను.

పొయ్యిమీది లెక్క కొంచెము చెప్పవలసి యున్నది. తెల్లసొన సుమారు 62 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో గడ్డకట్ట నారంభించును. పచ్చసొన 65 మొదలు 70 డిగ్రీలలో గట్టిపడును. సాల్మొనెల్లా 70 డిగ్రీలు దాటినచో క్షణములలో నశించును. 60 డిగ్రీలలో నశించుటకు నిమిషములు పట్టును. కావున పచ్చసొన జారుచున్నంతవఱకు క్రిమి చచ్చినదని ఎవరును ప్రమాణము చేయలేరు. మఱుగు నీటిలో ఆఱు నిమిషములుంచిన గ్రుడ్డు జారును, పది పండ్రెండు నిమిషములుంచినది గట్టిపడును. నాటుకోడిగ్రుడ్డు చిన్నది గనుక కొంత తక్కువ కాలము చాలును.

ఇంతవఱకు చెప్పినదంతయు తినువాని జాగ్రత్త. పెంచువాని జాగ్రత్త యెంత పని చేయగలదో బ్రిటను దేశపు కథవలన తెలియగలదు. అచ్చట జారుసొనలో రొట్టెముక్కలు ముంచి తినుట పిల్లలకు మిక్కిలి ప్రియము. 1988 డిసెంబరు 3వ తేదీన ఆరోగ్యశాఖ ఉపమంత్రిణియైన ఎడ్వినా కరీ, దేశపు గ్రుడ్ల ఉత్పత్తిలో అధికభాగమునకు సాల్మొనెల్లా సోకినదని పలికెను. వ్యాధి యున్నమాట నిజమే గాని అధికభాగమనుట అతిశయోక్తి. మఱునాటినుండియే గ్రుడ్లు కొనువారు లేకపోయిరి. అమ్మకములు సగమునకు పైగ పడిపోయెను. కోళ్ల రైతులు ఆగ్రహించిరి. డిసెంబరు 16న ఆమె పదవి విడిచెను. ఆమె పోయినంతమాత్రమున క్రిమి పోలేదు. వ్యాధిగల మందలను వధింపవలెనని ప్రభుత్వమువారు ఆజ్ఞాపించగ లక్షలకొలది కోళ్లు నశించెను. అప్పటికిని జబ్బు అదుపులోనికి రాలేదు.

పని చేసినది మఱొక ఉపాయము. గ్రుడ్ల ఉత్పత్తిదారులు తమ మండలి ద్వారమున ఒక కట్టుబాటు చేసికొని, 1998లో ఎఱ్ఱని సింహపు ముద్రను ప్రవేశపెట్టిరి. ఆ ముద్ర వేయవలెనన్న కోళ్లకు చిన్ననాడే సాల్మొనెల్లా టీకా వేయించవలెను. మేత, పాకలు శుభ్రముగ నుండవలెను. గ్రుడ్డు ఏ మందనుండి వచ్చినదో జాడ తీయగలిగి యుండవలెను. పెంకుమీద తేదీ యుండవలెను. ఇందు చేరుమని చట్టము బలవంతపెట్టలేదు. 2017 అక్టోబరులో ఆ దేశపు ఆహార ప్రమాణముల సంస్థవారు తమ పాత సలహాను మార్చి, సింహపు ముద్రగల గ్రుడ్లను పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు సైతము జారుసొనతో తినవచ్చునని ప్రకటించిరి. మిక్కిలి నీరసించిన రోగులను మాత్రము మినహాయించిరి. పోయిన నమ్మకము తిరిగి వచ్చుటకు ఇరువదితొమ్మిది యేండ్లు పట్టినది.

ఇది ఒక్కొక్క రైతు విడిగ చేయగల పని కాదు. కారణము స్పష్టమే. కొక్కెర తెగులు వచ్చినచో కోడి మన కన్నుల యెదుటనే చచ్చును. అందుచే దాని టీకాకు ఎవరును వెనుదీయరు. ఎంటరైటిడిస్ చేరిన పెద్దకోడికి సామాన్యముగ ఏ బాధయు కానరాదు. తినుచు, తిరుగుచు, గ్రుడ్లు పెట్టుచునే యుండును. నష్టము కొన్నవాని కడుపునకు. ఒక రైతు శ్రమపడి పాకను బాగుచేసికొన్నను, అతని గ్రుడ్లును పొరుగువాని గ్రుడ్లును ఒకే గంపలో పోయును గనుక, అతనికి ఒక పైసయు ఎక్కువ రాదు. అందఱును ఒక కట్టుబాటునకు లోబడినప్పుడే ఆ శ్రమకు వెల కలుగును. మన వంటి సంఘములకు ఇది తగిన కార్యమని నా యభిప్రాయము.

నాటుకోడికి ఈ క్రిమి సోకదని కొందఱి నమ్మకము. నాటుకోడియైనను, వనరాజా, గ్రామప్రియ జాతులైనను, ఎలుకలు తిరుగాడిన మేత తిన్నచో అపాయ మొక్కటే. ఎలుకలును, చుంచులును ఈ క్రిమిని పాకనుండి పాకకు మోయుటలో మొదటివి. కావున మేతను మూతగల డబ్బాలలో నుంచుటయే మొదటి పని. గూళ్లలో పొడిగడ్డి వేసి తఱచుగ మార్చవలెను. గ్రుడ్లను ఉదయము, సాయంకాలము ఏరవలెను. మురికి యంటినదానిని చన్నీట ముంచి కడుగరాదు. వెచ్చని గ్రుడ్డు చల్లబడి లోపలిసొన కుదించుకొనుటచే మురికినీరు రంధ్రములగుండ లోనికి పోవును. పొడిబట్టతో తుడిచి, అట్టివానిని, బీటవాఱినవానిని వంటయింటికే యుంచుకొని పూర్తిగ నుడికింపవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో వచ్చినట్లు పక్షిజ్వరము వచ్చిన దినములలో జారుసొన మాట తలపెట్టనే రాదు.

మన గ్రుడ్లకు సింహపు ముద్ర లేదు. టీకా విషయము పశువైద్యుని అడిగి తెలిసికొనవలెను. అంతవఱకు మన చేతిలోనున్నది పెన్సిలు. గ్రుడ్డును గూటినుండి తీసినవెంటనే దానిపై తేదీని, సంఘమునకు ఇచ్చునదైనచో సభ్యుని సంఖ్యను వ్రాయవలెను. చల్లని చోట నుంచినవై, మూడు నాలుగు దినములు దాటనివై, పెంకు శుభ్రముగ నున్నవానిని ఆరోగ్యవంతులైన పెద్దలు తమ యిష్టముపై జారుసొనతో తిందురుగాక. పిల్లలకును, గర్భిణికిని, ఇంటి ముసలివారికిని పెట్టునవి గట్టిగ నుడికినవై యుండవలెను. తేదీ పాతబడినవన్నియు పులుసులోనికి పోవును.